చెవి కింద గడ్డ: రక్తపు నడక చెప్పే సంగతి

తెలంగాణ నుంచి బొంబాయి కట్టడానికి వచ్చిన కామాటీల పేరు మోస్తున్నది మన కామాటిపురా. ఇక్కడి చాళ్ళలో చెవి కింద వాపు కనబడితే గవదబిళ్ళలే అనుకొని పసుపు పట్టు వేసి ఊరుకుంటాం. గవదలైతే కొద్ది రోజుల్లో తగ్గుతాయి. నొప్పి లేకుండా నెలల తరబడి పెరిగేది లాలాజల గ్రంథిలోని కణితి కావచ్చు. ఇవి ఎక్కువగా చెవి ముందరి పెరోటిడ్ గ్రంథిలో వస్తాయి. చాలావరకు క్యాన్సర్ కావు. అయినా ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్య నుంచే పోతుంది. కనుక కత్తి పెట్టేముందు గడ్డ ఏ రకమో డాక్టరుకు తెలియాలి.

అందుకు ఎం.ఆర్.ఐ. సాయపడుతుంది. నరంలోకి గాడొలీనియం మందు ఎక్కించి, అది రక్తంతో గడ్డలోకి చేరడం, తిరిగి పోవడం వరుస బొమ్మలుగా తీస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్లియోమార్ఫిక్ అడినోమాలో మందు నింపాదిగా, సాధారణంగా 2 నిమిషాలు దాటాక గాని నిండదు. పొగతాగేవారిలో హెచ్చుగా కనిపించే వార్తిన్ గడ్డలో చటుక్కున చేరి, చటుక్కున జారిపోతుంది. క్యాన్సర్‌లో తొందరగానే చేరుతుంది, కాని అంత తొందరగా వదలదు. ఒకటి మరొకదానిలా కనబడి మోసపుచ్చడమూ కద్దు. అందుకే సూది పరీక్ష కూడా చేస్తారు. మూత్రపిండాల జబ్బు, పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగానే చెప్పాలి సుమండీ!

పరేల్‌లో టాటా ఆసుపత్రి 1941 నుంచీ ఉంది, మనకు దూరమేమీ కాదు. గడ్డతోపాటు మూతి వంకర పోతే మాత్రం ఆ రోజే బయల్దేరండి.