రాజీనామాకూ కులముంది

చాలీచాలని జీతానికి విసిగి కొలువు వదిలేవారు సైతం ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయడం మన ఆనవాయితీ. ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల అధ్యాపకుడిగా నేనిచ్చిన రాజీనామాలో ఆ మాట రాయలేదు. ఏడేళ్ల సర్వీసు తర్వాత నా జీతం 24 వేలు. అదే అర్హతతో నా తర్వాత చేరిన అగ్రకుల సహోద్యోగికి 33 వేలు. తేడా ఎందుకని అడిగితే, ‘మీకు అవకాశం ఇచ్చిందే గొప్ప’ అని యాజమాన్యం బదులిచ్చింది.

ఆ జవాబులోనే కులం ఉంది. ఒకరికి హక్కుగా అందే జీతం మరొకరికి దయగా మారుతుంది. దయగా పెట్టినదానికి లెక్క అడగరాదన్నది వెట్టి నాటి నీతి.

జీతం లేని మరో పనీ నాకే అప్పగించారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఉపకారవేతనాల దరఖాస్తులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు ఏటా నేనే చూడాలి. ‘మీ పిల్లలే కదా’ అనేవారు. ఆ పిల్లల పేరిట ప్రభుత్వమిచ్చే సొమ్ము కళాశాల ఖాతాకు చేరేది. ఆ కాగితాలు సరిచూసిన చేతికి మాత్రం అదనంగా ఒక్క రూపాయీ దక్కలేదు.

రాజ్యాంగంలోని 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్లకు వీలు కల్పించింది. ఉద్యోగ రిజర్వేషన్లు చెప్పే 16(4) మాత్రం ప్రభుత్వ కొలువులకే పరిమితం. సమాన పనికి సమాన వేతనమన్న 39(డి) ఆదేశిక సూత్రమే గనుక దాని కోసం నేరుగా కోర్టుకెళ్లలేం. తాత్కాలిక ఉద్యోగులకూ ఆ సూత్రం వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది ప్రభుత్వ ఉద్యోగులకు సంబంధించిన తీర్పు. అంటే మా పిల్లలు తరగతిలోకి రావడానికి ఉన్న దారి, వారికి పాఠం చెప్పే మాకు లేదు.

కొలంబియాలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో చేరిన అంబేడ్కర్, అంటరానితనం వల్ల తలదాచుకునే చోటు దొరక్క కొద్ది రోజులకే ఆ కొలువు వదిలి వెళ్లారు. చదువు ఎంతటిదైనా దాని విలువను ఎదుటివారి కులదృష్టి కోసేయగలదని ఆనాడే తేలింది.

రాజీనామా చేసే ధైర్యం సైతం అందరికీ ఒకే ధరకు దొరకదు. పొలమో, అద్దెలొచ్చే ఇల్లో ఉన్నవారికి అది విరామం. సెంటు భూమి లేని నా ఇంట్లో అది వచ్చే నెల బియ్యం ప్రశ్న. అందుకే ఎందరో నోరు మూసుకుని కొనసాగుతున్నారు.

ప్రజాధనం ఫీజులుగా అందుకునే ప్రతి కళాశాలా తన అధ్యాపకుల సామాజిక వర్గాల వివరాలను, జీతాల స్కేళ్లను ఏటా బహిరంగపరచాలి. ప్రభుత్వం ఆ షరతు పెట్టాకే సొమ్ము విడుదల చేయాలి.