కబాయన్ ఇంజనీర్ల కబుర్లు

ఫిలిప్పీన్స్‌లో డాక్టరు పేరు ముందు 'డాక్టర్' అని ఉన్నట్టే ఇంజనీరు పేరు ముందు 'ఇంజనీర్' అని ఉంటుంది. పెళ్లి శుభలేఖలో పెద్దల పేర్లు అచ్చువేసేటప్పుడు ఆ ముక్క మరిచిపోతే మాట వస్తుంది. మన దగ్గర ఏఈ గారూ, డీఈ గారూ అని పిలుస్తామే, అది కుర్చీకి ఇచ్చే మర్యాద. అక్కడ చదువుకే ఆ మర్యాద. అయితే పట్టా చేతికొచ్చిన మర్నాడే మన బీటెక్ కుర్రాడిలా ఇంజనీరునని చెప్పుకుంటే అక్కడ చెల్లదు. ప్రభుత్వం పెట్టే బోర్డు పరీక్ష గట్టెక్కాలి.

*

సివిల్ వాళ్లకు మూడు పేపర్లు, రెండు రోజులు. సగటున 70 మార్కులు రావాలి. పోనీ అని ఒక పేపరు వదిలేసి మిగతా రెండింటిలో కుమ్మేద్దామంటే కుదరదు, ఏ పేపరులోనూ 50కి తగ్గకూడదు. మొదటి పది స్థానాల్లో నిలిచినవాళ్లను 'టాప్‌నాచర్లు' అంటారు. ఆ మాట మనిషిని జన్మంతా వదలదు. 1992 నుంచి 1998 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న ఫిడెల్ రామోస్ సైన్యాధికారి, వెస్ట్ పాయింట్‌లో చదివాడు, ఇల్లినాయ్‌లో సివిల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేశాడు. అయినా 1953 బోర్డు పరీక్షలో ఎనిమిదో స్థానం వచ్చిందన్న సంగతి ఆయన జీవిత విశేషాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

*

పాసైన కుర్రాడి నిలువెత్తు ఫొటోతో వీధి మొగలో ఫ్లెక్సీ కడతారు. దాన్ని అక్కడ 'టార్పాలిన్' అంటారు. కింద అభినందించేవాళ్ల పేర్లు, కొన్నిసార్లు ఊరి నాయకుడి నవ్వు మొహం కూడా. ఎంసెట్ ర్యాంకుల రోజుల్లో మన కూడళ్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

*

మరి ఆ పరీక్ష రాయకుండానే గల్ఫ్ విమానం ఎక్కేసినవాళ్లు? చేతిలో డిగ్రీ ఉంటుంది, లైసెన్సు ఉండదు. డ్రాఫ్ట్స్‌మన్‌గానో సైట్ సూపర్‌వైజర్‌గానో చేరతారు. ఏళ్లు గడిచిపోతాయి. సెలవు పెట్టి మనీలా వెళ్లి, కోచింగ్ తీసుకుని, పరీక్ష రాసి రావడం అయ్యే పని కాదు. అందుకే పరీక్షే వాళ్ల దగ్గరికి వస్తుంది. ఫిలిప్పీన్స్ ప్రొఫెషనల్ రెగ్యులేషన్ కమిషన్ రియాద్, జెద్దా, దోహా, అబూధాబీ లాంటి చోట్ల ప్రత్యేకంగా లైసెన్సు పరీక్షలు పెడుతూ వచ్చింది.

ఇంజనీర్ల సంఘాల అసలు పని ఇక్కడే మొదలవుతుంది. సివిల్ వాళ్లకు, మెకానికల్ వాళ్లకు, ఎలక్ట్రికల్ వాళ్లకు మాతృదేశంలో ఉన్న సంఘాలకే గల్ఫ్‌లో శాఖలున్నాయి. బయటివాళ్లకు కనిపించేది బాస్కెట్‌బాల్ పోటీలు, క్రిస్మస్ విందు. కనిపించనిది రివ్యూ క్లాసు. వారమంతా స్లాబు పోతల దగ్గర ఎండలో నిలబడ్డ మనిషి సెలవు రోజు కూడా తెల్లారే లేచి, ఎప్పుడో మరిచిపోయిన బెండింగ్ మొమెంట్ డయాగ్రాన్ని మళ్లీ గీస్తుంటాడు. పక్కన డబ్బాలో అన్నం, వేపిన చేప. చెప్పేవాడు ఏ ప్రొఫెసరూ కాదు, అంతకుముందు ఇదే పరీక్ష రాసి నెగ్గిన సీనియరు. సంఘమంటే ఏడాదికోసారి శాలువాలు కప్పుకోవడమే అనుకునే మనబోటివాళ్లం ఈ క్లాసు ఒక్కసారి చూడాలి.

*

ఆ సీనియర్‌ని 'సర్' అనేకంటే 'కూయా' అనేవాళ్లే ఎక్కువ. అన్నయ్య అని. ఆడవాళ్లయితే 'ఆతె', అక్కయ్య. రక్తసంబంధం అక్కర్లేదు, వయసులో పెద్దయితే చాలు. తమ దేశంవాళ్లందరినీ కలిపి 'కబాయన్' అంటారు. గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్ల చెవిన ఈ మాట పడకుండా ఉండదు. తెలుగులో చెప్పాలంటే 'మనోడు'.

*

చదువుకోసం దేశం దాటడం వాళ్లకు నిన్నమొన్నటి సంగతి కాదు. అమెరికా పాలనలో ఉండగా 1903లో ఒక చట్టం చేసి, సుమారు వందమంది కుర్రాళ్లను సర్కారు ఖర్చుతో అమెరికా పంపారు. వాళ్లను, వాళ్ల వెనక వెళ్లినవాళ్లను 'పెన్సియొనాడో'లు అన్నారు. అలా వెళ్లినవాడే తోమాస్ మపువా. 1911లో కార్నెల్‌లో ఆర్కిటెక్చర్ పూర్తిచేసి తిరిగొచ్చాడు. దేశంలో మొట్టమొదటి రిజిస్టర్డ్ ఆర్కిటెక్టు ఆయనే. 1925లో మనీలాలో ఒక బడి పెట్టాడు. పగలంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకోసం అది రాత్రి బడి. ఈనాటి మపువా యూనివర్సిటీ అదే.

*

అదే మపువాలో చదివిన రైతుబిడ్డ దియోస్‌దాదో బనతావ్. ఊరు కగయాన్ రాష్ట్రంలోని ఇగిగ్. చెప్పుల్లేకుండా బడికి నడిచిన పిల్లాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాక పైలట్‌గా శిక్షణ పొందాడు, బోయింగ్‌లో 747 పనికి అమెరికా వెళ్లాడు, 1972లో స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేశాడు. పర్సనల్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద కిక్కిరిసి ఉండే బోలెడన్ని చిప్‌లను నాలుగైదు చిప్‌ల సెట్టుకు కుదించిన పనితో ఆయన పేరు మోగింది. ఆ పని చేసిన చిప్స్ అండ్ టెక్నాలజీస్ కంపెనీని 1997లో ఇంటెల్ కొనుక్కుంది. నాకు నచ్చేది తర్వాతి కథ. తాను చదివిన ఊరిబడికి కంప్యూటర్లు పెట్టించాడు. సొంత దేశంలో సైన్సు, ఇంజనీరింగ్ చదువులకు సాయపడే ఫిల్‌డెవ్ ఫౌండేషన్‌కు అధ్యక్షత వహించాడు.

*

అమెరికాలోని ఫిలిపినో శాస్త్రవేత్తలూ ఇంజనీర్లూ 1980లో ఒక అకాడమీ పెట్టుకున్నారు. అంతకు ముందే, 1975లో, ఇలా దేశం దాటినవాళ్లకోసం 'బాలిక్ సైంటిస్ట్' పథకం వచ్చింది. బాలిక్ అంటే తిరిగి రావడం. పూర్తిగా వచ్చేయక్కర్లేదు, కొన్నాళ్లు వచ్చి పాఠాలు చెప్పినా చాలు.

*

ట్యూబ్‌లైటు కనిపెట్టింది అగపీతో ఫ్లోరెస్ అనే ఫిలిపినో అనీ, ఆయన పేరుమీదే 'ఫ్లోరెసెంట్' వచ్చిందనీ అక్కడ తరతరాలుగా చెప్పుకున్నారు. పిల్లల పుస్తకాల్లోకీ ఎక్కింది. నిజం కాదు. తప్పని చెప్పింది కూడా వాళ్ల శాస్త్రవేత్తలే.

*

సంఘాల చందా పిలుపుల్లో తప్పకుండా వినపడే మాట 'బాయనిహాన్'. పాతరోజుల్లో ఇల్లు మారడమంటే నిజంగా ఇల్లే మారడం. తాటాకు జాతి ఆకులు కప్పిన గుడిసె కింద వెదురు బొంగులు దూర్చి, ఊళ్లో మగవాళ్లంతా భుజానికెత్తుకుని కొత్త చోటుకు మోసేవారు. కూలి లేదు, చివర్లో భోజనం పెడితే సరి. అదే బాయనిహాన్. 2013 నవంబరులో హయాన్ తుపాను తక్లోబాన్ నగరాన్ని తుడిచిపెట్టినప్పుడు దేశదేశాల ఫిలిపినో సంఘాలు డబ్బూ సరుకులూ పంపాయి.

*

మామూలు రోజుల్లో విదేశాల నుంచి ఇంటికి వెళ్లేది 'బాలిక్‌బాయన్ పెట్టె'. ఓడలో వెళ్లే అట్టపెట్టె. చార్జీ సాధారణంగా బరువును బట్టి కాదు, పెట్టెకు ఇంత అని. ఇక ఇంజనీర్లు ఊరుకుంటారా! బూట్లలో సాక్సులు, సాక్సుల్లో సబ్బులు, సబ్బుల సందుల్లో చాక్లెట్లు.

*

కాలేజీ వదిలి పాతికేళ్లయినవాళ్లు 'సిల్వర్ జూబిలేరియన్లు'. చాలా కాలేజీల్లో ఆ ఏటి పునస్సమ్మేళనం బరువంతా ఆ బ్యాచ్‌దే: హాలు, బ్యాండు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, భోజనాలు. అందుకే ఇరవై నాలుగో ఏడు వచ్చేసరికి దుబాయ్‌లో ఉన్నా డెట్రాయిట్‌లో ఉన్నా పాత స్నేహితుడి ఫోను మోగుతుంది. కుశలప్రశ్నలు నిమిషంలో అయిపోతాయి. టీషర్టు సైజు ఎంతని అడుగుతాడు, ఆ తర్వాత నీ వాటా ఎంతో చెప్తాడు.