మా అంగడిని మూయించింది కారు కాదు

మదనపల్లెలో మా నాయనది అద్దె సైకిళ్ల అంగడి. గంటకింత అని లెక్క. సీటు అందని పిలకాయలు ఫ్రేము సందులో కాలు దూర్చి తొక్కేవాళ్లు. డైనమో ఉన్న బండి పొద్దుగూకితే దొరికేది కాదు.

ఆ అంగడిని కారు మూయించిందంటే నేనొప్పుకోను. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. దాని తయారీ ఎక్కడో కాదు, కుప్పం అవతల హోసూరులో. టమోటా బాక్సులు కట్టుకుని మార్కెట్టుకొచ్చే రైతుకు మిట్టల దగ్గర దిగి తోసే బాధ తప్పించింది అదే. కారు ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 100 కుటుంబాల్లో సుమారు 45కి సైకిలు, 21కి మోటారు బండి ఉన్నాయి. కారో జీపో ఉన్నవి 5 కూడా లేవు. రోడ్లు మాత్రం ఆ అయిదిళ్ల కోసమే వెడల్పవుతున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలను కలిపే 42వ జాతీయ రహదారి మీద సైకిలు తొక్కాలంటే ఇప్పుడు గుండె గట్టిగా ఉండాలి. పుంగనూరు బజారులో ఒక కారు ఆపే చోట పది సైకిళ్లు నిలబెట్టొచ్చు. కుప్పంలో 1989 నుంచీ ప్రతి అసెంబ్లీ ఎన్నికలోనూ గెలుస్తున్నది సైకిలు గుర్తే. ప్రచారానికి వచ్చేది కార్ల వరస!

నెదర్లాండ్స్‌లోనూ సైకిళ్లు ఇలాగే తగ్గాయి. 1970లలో రోడ్డు ప్రమాదాల్లో పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు వీధికెక్కారు, 1973 చమురు సంక్షోభమూ తోడైంది. ప్రభుత్వం సైకిళ్లకు వేరే దారులు వేసింది. మన బడుల చుట్టుపక్కల వీధుల్లోనైనా అట్లాంటి దారి వేయొచ్చు.