నాలుగు దశాబ్దాల తరువాత మళ్లీ కక్ష్యలోకి: ఆక్సియం-4 యాత్ర – ఒక పరిశీలన

కీలక పదాలు: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, వ్యోమగామి, సూక్ష్మ గురుత్వం, గగన్‌యాన్

ఉపోద్ఘాతం

భారతదేశం, పోలండ్, హంగరీ దేశాల అంతరిక్ష చరిత్రలో ఒక పోలిక ఉంది. ఈ మూడు దేశాల తొలి వ్యోమగాములనూ అంతరిక్షానికి తీసుకొనిపోయినది సోవియట్ యూనియనే. 1978లో పోలండ్‌కు చెందిన మిరోస్వాఫ్ హెర్మాషెవ్‌స్కీ, 1980లో హంగరీకి చెందిన బెర్తలాన్ ఫర్కాష్ సల్యూట్-6 కేంద్రానికి వెళ్లారు. 1984 ఏప్రిల్ 3న బయలుదేరిన రాకేశ్ శర్మ సల్యూట్-7 కేంద్రానికి చేరారు. ఆ తరువాత ఈ ప్రభుత్వాల పక్షాన మరొకరు కక్ష్యకు చేరడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 2025 జూన్ 25న బయలుదేరిన ఆక్సియం-4 యాత్ర ఈ మూడు దేశాల ప్రతినిధులను ఒకే నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేర్చింది. ఈ యాత్ర స్వరూపాన్ని, దాని శాస్త్రీయ ప్రాతిపదికను, భారతదేశానికి దాని వలన కలిగిన ప్రయోజనాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆతిథ్యం నుంచి ఒప్పందానికి

తొలి యాత్రలు ఇంటర్‌కాస్మోస్ అనే సోవియట్ కార్యక్రమంలో భాగం. వాటికి పునాది దేశాల మధ్య మైత్రి. వెళ్లినవారు ఒక విధంగా అతిథులు. ఆక్సియం-4 స్వభావం వేరు. యాత్రను నిర్వహించినది ఆక్సియం స్పేస్ అనే ప్రైవేటు సంస్థ. రాకెట్టు, నౌక స్పేస్ఎక్స్ సంస్థవి. ప్రయోగ వేదిక ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రంలోనిది. అమెరికాకు చెందిన పెగ్గీ విట్సన్ కమాండరుగా, భారత వాయుసేన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా పైలట్‌గా వ్యవహరించారు. పోలండ్‌కు చెందిన స్వావోష్ ఉజ్నాన్‌స్కీ-విష్నెవ్‌స్కీ, హంగరీకి చెందిన తిబోర్ కాపు మిగిలిన ఇద్దరు సభ్యులు. ఇక్కడ ప్రభుత్వాలు ఆతిథ్యం పొందలేదు. ఒప్పందం ద్వారా స్థానం పొందాయి. అంతర్జాతీయ సహకారం అనే మాట అదే అయినా దాని అర్థం ఈ నాలుగు దశాబ్దాలలో మారిందని దీనివలన స్పష్టమవుతున్నది.

ప్రయాణ ముహూర్తం

అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో, రమారమి 90 నిమిషాలకొక ప్రదక్షిణ చేస్తుంది. దాని కక్ష్యాతలం భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది. భూభ్రమణం వలన ప్రయోగ వేదిక ఆ తలం కిందికి వచ్చిన క్షణంలోనే రాకెట్టు బయలుదేరాలి. ఆ క్షణం తప్పితే ఇంధనం చాలదు. కనుక ఒక చిన్న లోపం కూడా యాత్రను కనీసం ఒక రోజు వెనక్కి నెట్టగలదు.

ఆక్సియం-4 పలుమార్లు వాయిదా పడింది. జూన్ 11న జరగవలసిన ప్రయోగం ఫాల్కన్-9 రాకెట్టులో ద్రవ ఆక్సిజన్ లీకు కారణంగా ఆగింది. ఆపై కేంద్రంలోని రష్యన్ విభాగమైన జ్వెజ్దాలో గాలి లీకు మరమ్మతుల పరిశీలన మరికొంత ఆలస్యానికి దారితీసింది. మానవసహిత యాత్రలో వాయిదా వైఫల్యం కాదు, భద్రతా విధానంలో అంతర్భాగం. బయలుదేరిన తరువాత సుమారు 28 గంటలకు గ్రేస్ అనే పేరుగల డ్రాగన్ నౌక కేంద్రానికి అనుసంధానమైంది.

‘శూన్య గురుత్వం’ – పరిభాషా సమస్య

తెలుగు రచనలలో తరచుగా కనిపించే ‘శూన్య గురుత్వం’ అనే పదం అపోహకు తావిస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేలమీది విలువలో దాదాపు 89 శాతం ఉంటుంది. అక్కడ గురుత్వం లేకపోవడం కాదు. కేంద్రం, అందులోని మనుషులు, వస్తువులు అన్నీ కలిసి భూమివైపు నిరంతరం పతనమవుతూ ఉంటాయి. ముందుకు సాగే వేగం వలన నేలను తాకవు. కలిసి పడుతున్న వాటికి పరస్పరం బరువు తెలియదు. అందువలన ‘సూక్ష్మ గురుత్వం’, ‘భారరహిత స్థితి’ అనే పదాలే సమంజసం. తరగతి గదిలో ఈ భేదాన్ని స్పష్టం చేయకపోతే కక్ష్య అనే భావనే విద్యార్థికి అందదు.

భారతీయ ప్రయోగాలు

ఇస్రో ఎంపిక చేసిన ఏడు ప్రయోగాలు ఈ స్థితినే సాధనంగా చేసుకున్నాయి. పెసర, మెంతి గింజల మొలకలు, సూక్ష్మ శైవలాలు, సయనోబాక్టీరియా, కండర కణాల పునరుత్పత్తి, టార్డిగ్రేడ్ల మనుగడ, పంట విత్తనాలపై ప్రభావం, భారరహిత స్థితిలో కంప్యూటర్ తెరల వినియోగం వీటి విషయాలు. ఆహారం, ప్రాణవాయువు, దేహబలం, పనిచేసే సామర్థ్యం అనేవి దీర్ఘకాల యాత్రకు అవసరమైన నాలుగు అంశాలు. ప్రయోగాలన్నీ స్థూలంగా వీటి చుట్టూనే తిరుగుతున్నాయి.

ముగింపు

శుక్లా బృందం జూలై 15న పసిఫిక్ సముద్రంలో సురక్షితంగా దిగింది. శిక్షణ, కక్ష్యలో పనిచేసిన అనుభవం, ప్రయోగ ఫలితాలు ఒప్పందం ద్వారా లభించాయి. కాని ప్రాణరక్షణ వ్యవస్థ, ప్రమాద సమయంలో సిబ్బందిని తప్పించే వ్యవస్థ, ‘ఈ రోజు ఆపుదాం’ అని చెప్పగల నిర్ణయాధికారం మాత్రం స్వయంగా నిర్మించుకోవలసినవే. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో జరిగిన గగన్‌యాన్ తప్పింపు వ్యవస్థ పరీక్ష ఆ దిశలో వేసిన అడుగు. 1984 యాత్ర తరువాత మన దేశానికి అనుభవం మిగిలింది, కొనసాగింపు లేకపోయింది. ఈసారి ఆ అనుభవం గగన్‌యాన్‌లోకి ప్రవహిస్తుందా లేదా అన్నదే ఆక్సియం-4 విలువను నిర్ణయిస్తుంది.