గొర్రెల వెంట నడిచిన నవల

మైదుకూరుకు తూర్పున నల్లమల, ఆ కొండకు ఆవల సగిలేటి లోయ. ఆ లోయలో కలసపాడు మండలం బాలరాజుపల్లెలో 1963లో పుట్టిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి బడిపంతులుగా పనిచేస్తూనే రచయితగా ఎదిగారు. ‘కొత్త దుప్పటి’ కథలు, ‘కాడి’, ‘తోలుబొమ్మలాట’, ‘చినుకుల సవ్వడి’, ‘పాలెగత్తె’, ‘ఒంటరి’ నవలలు చదివినవాళ్లకు ఆయన ఏనాడో తెలుసు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన ‘కొండపొలం’ను దర్శకుడు క్రిష్ 2021లో సినిమాగా తీశాక మిగతావాళ్లకూ తెలిశారు. అయితే సినిమాకు కథ ఇచ్చిన రచయిత అని చెప్పి ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. రాయలసీమ మనిషి అనగానే కరువుకు చిక్కినవాడో, కక్షలకు బలైనవాడో కళ్లముందు కనిపించే కాలంలో, పని తెలిసినవాడిగా అతన్ని నవల నడిమధ్యన నిలబెట్టడం ఆయన సాధించిన పెద్ద విషయం.

‘కొండపొలం’నే తీసుకోండి. ఎండలకు చేలలో మేత, చెరువులో నీళ్లు అడుగంటితే కాపరులు మందలను నల్లమలకు తోలుకుపోయి, వానలు పడేదాకా అక్కడే గడుపుతారు; కొండపొలం పోవడమంటే అదే. ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన రవి, తండ్రితో కలిసి అలా అడవికి పోతాడు. మేత ఎటు దొరుకుతుంది, ఏ మడుగులో నీళ్లు మిగిలుంటాయి, రాత్రికి మందను ఎక్కడ ఆపాలి, పులి జాడకు గొర్రెలు బెదిరితే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు పట్టా ఉన్న కొడుకు దగ్గర జవాబుల్లేవు, తండ్రి దగ్గర ఉన్నాయి. అడవి అందాల వర్ణన కోసం ఇక్కడ ఏదీ ఆగదు. కొండా, వాగూ, చెట్టూ అన్నీ గొర్రె కడుపు నింపే లెక్కలోనే కనబడతాయి. నాకు ఈ నవలలో అన్నిటికన్నా నచ్చింది ఆ లెక్కే.

ఇదంతా కరువును అందంగా చూపించడం కాదా అని అడిగేవాళ్లున్నారు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటి కథకుల తరం సీమ బాధను కోపంతో, సూటిగా చెప్పింది. ఆ కోపం ముందు ఈ పనితనం మెతకగా అనిపించవచ్చు. కానీ కరువే లేకపోతే కొండపొలం పోవలసిన పనే లేదు. ఊళ్లో నీళ్లు లేవు కాబట్టే మనుషులు పులి తిరిగే చోట పడుకుంటున్నారు. ఇంతకన్నా సూటి ఫిర్యాదు ఏముంటుంది? ఇక నవలలోని సీమ యాస అడ్డమంటారా? కాపరి ఏం చేస్తున్నాడో కనిపిస్తుంటే మాట అర్థం దానంతటదే తెలుస్తుంది. కోస్తా పాఠకుడు ఒక పది పేజీలు ఓపిక పడితే చాలు.

మరో అభ్యంతరంలో మాత్రం బలముంది. అడవి నేర్పిన ధైర్యంతో కుర్రవాడు ఫారెస్టు అధికారి అవడం సినిమాలో చూశాం. ఒకడికి ఉద్యోగమొస్తే మిగతా కాపరుల కష్టం తీరుతుందా? తీరదు. విజయగాథలంటే మోజున్న రోజుల్లో ఆ ముగింపు చప్పట్లు కొట్టించుకుంటుంది, అంతే. ఈ పుస్తకం విలువ కుర్రవాడి గెలుపులో లేదు, అంతకుముందు మందతో గడిచిన పగళ్లలోనూ రాత్రుళ్లలోనూ ఉంది. సినిమా కోసం చేర్చిన ప్రేమకథ చూసి ఇంతేలే అనుకున్నవాళ్లు ఒకసారి నవల తెచ్చుకుని చదవండి, అందులో గొర్రెలదే పెద్ద పాత్ర.