పక్షములకు అతీతమైన పీఠము

సికింద్రాబాదు పట్టణపు ఉత్తరపు అంచున, బొల్లారములో, విశాలమైన తోట నడుమ ఒక పాత బంగళా ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దమున అది బ్రిటిషు రెసిడెంటు విడిది గృహము. హైదరాబాదు సింహాసనముపై కూర్చున్నది నిజామే అయినను, ఆ సింహాసనపు అధికారమునకు హద్దులు గీచినవాడు రెసిడెంటు. స్వాతంత్ర్యానంతరము ఆ గృహమే రాష్ట్రపతి నిలయమై, భారత రాష్ట్రపతికి దక్షిణాది విడిదిగా మారినది. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో నామకరణము పొందిన ఈ పట్టణము, తన పేరులో రాజును, తన బంగళాలో గణతంత్రమును నిలుపుకొన్నది. అందుచేత ఒక పాత వివాదమును ఇచ్చటనుండియే పరిశీలించుట సముచితము. పార్లమెంటరీ ప్రజాస్వామ్యములో పక్షములు ఒకదానితో ఒకటి పోరాడుచుండగా, వాటికి పైన కూర్చుండి న్యాయము తప్పకుండ చూడవలసిన వాడెవడు? వంశపరంపరగా వచ్చిన రాజా? పక్షములే ఎన్నుకొన్న అధ్యక్షుడా?

రాజరికమును సమర్థించువారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఎన్నికలలో గెలిచిన ప్రతివాడును ఏదో ఒక పక్షమునకు ఋణపడి ఉండును. రాజు ఎవరి ఓటునకును ఋణపడడు. ఇంగ్లండులో మంత్రివర్గములు ఎన్ని మారినను కిరీటము మారదు. వాల్టర్ బేజహాట్ 1867లో ప్రకటించిన గ్రంథమున ఆంగ్ల రాజ్యాంగమునకు గౌరవభాగము, కార్యభాగము అను రెండు అంగములను చూపినాడు. గౌరవము రాజుది, కార్యము మంత్రులది. మంత్రులు తనను సంప్రదింపవలెనని కోరుట, వారిని ప్రోత్సహించుట, హెచ్చరించుట - ఈ మూడే రాజునకు మిగిలిన హక్కులని ఆయన నిర్ణయము. 1981 ఫిబ్రవరి 23న స్పెయిను పార్లమెంటులోనికి సాయుధులు చొరబడి సభ్యులను నిర్బంధించినప్పుడు, రాజు హువాన్ కార్లోస్ టెలివిజనులో ప్రసంగించి రాజ్యాంగము వైపు నిలిచినాడు. మరునాటికి తిరుగుబాటు అణగిపోయినది. రాజరికపు పక్షమున ఇంతకు మించిన సాక్ష్యము దొరకుట అరుదు.

అయితే ప్రతివాదుల వద్దను సాక్ష్యములు కలవు. విక్టోరియా రాణికి విగ్ పక్షపు నాయకుడు మెల్బోర్నుపై మిక్కిలి అభిమానము. 1839లో టోరీ నాయకుడు పీల్ మంత్రివర్గము ఏర్పరచుటకు సిద్ధపడి, రాణి పరివారములోని విగ్ కుటుంబముల స్త్రీలలో కొందరినైనను మార్పుమని కోరినాడు. రాణి అంగీకరింపలేదు, పీల్ పదవిని స్వీకరింపలేదు. మన పొరుగున నేపాలములో మహేంద్ర రాజు 1960 డిసెంబరులో బి.పి. కొయిరాలా నాయకత్వమున ఎన్నికైన ప్రభుత్వమును తొలగించి, ఆ పిమ్మట రాజకీయ పక్షములనే నిషేధించినాడు. 2008లో అక్కడ రాజరికమే అంతరించినది. కనుక కిరీటము ధరించినంత మాత్రమున పక్షపాతము తొలగిపోదు.

ఈ సత్యమును గ్రహించుటకు పరదేశములకు పోనక్కరలేదు. 1947 అక్టోబరు చివర హైదరాబాదు సంస్థానము భారతదేశముతో యథాతథ ఒడంబడికకు సిద్ధమగుచుండెను. అప్పుడు ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనుచరులు గుంపులుగా వచ్చి, ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు మొదలైన రాయబారుల ఇండ్లను చుట్టుముట్టినారు. వారి ఢిల్లీ ప్రయాణము ఆగిపోయినది. ఛత్తారీ నవాబు పదవి వదలుకొన్నాడు. కొలది వారములలో ఆ పక్షమునకు సమ్మతుడైన మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయినాడు. ఒడంబడికపై నవంబరు 29న సంతకములు జరిగినను, రాజ్యపు పగ్గములు క్రమముగా కాశిం రజ్వీ నడిపిన రజాకారుల పట్టులోనికి పోయినవి.

1948 సెప్టెంబరు 17న నిజాము సేనలు పోరు విరమించినవి. తరువాత ఆరు రోజులకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో ప్రసంగించుచు, ఒక చిన్న ముఠా బలవంతముగా అధికారమును చేజిక్కించుకొని తనను నిస్సహాయుని చేసినదని చెప్పినాడు. ఆ మాటలో సత్యమెంత, ఆత్మరక్షణమెంత అనునది వేరు చర్చ. ఏ పక్షమునకును లోబడనక్కరలేని ప్రభువు, ఒక పక్షము చేతిలో చిక్కితినని తన నోటనే ఒప్పుకొనుట మాత్రము గమనింపదగినది. పక్షములను అదుపులో ఉంచుటకు శాసనసభ యొక్క విశ్వాసము గాని, ప్రజల ఓటు గాని ఆయనకు అండగా లేవు. రాజు ఎవరికిని ఋణపడడనుట నిజమే. కాని ఆపత్సమయమున ఆయనకు ఋణపడిన వారును లేకపోయిరి.

ఆ ప్రభువే రెండేండ్లు తిరుగకముందే మరియొక పాత్రలో కనిపించినాడు. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి రాగా, నిజాము హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖ్ అయినాడు. గవర్నరు స్థానమే అది. పేరు మాత్రము వేరు. 1952 ఎన్నికలలో 175 స్థానముల శాసనసభలో కాంగ్రెసునకు 93, పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటునకు 42 స్థానములు లభించినవి. మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయినారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును అది పుట్టకముందే నిషేధించినది నిజాము ప్రభుత్వము. ఇప్పుడు ఆ పక్షమే ఆయన పేరిట పరిపాలన సాగించినది. ఆయన పాలనపై తెలంగాణములో ఆయుధమెత్తి, 1951 అక్టోబరులో దానిని దించిన కమ్యూనిస్టులు ఫ్రంటు పేరిట ప్రతిపక్షమున కూర్చుండిరి. రాజప్రముఖ్ ఆ రెంటిలో దేనిని మెచ్చినను, మెచ్చకున్నను, శాసనసభ నిర్ణయము మారదు. ఆరేండ్లకు పైగా ఆ ఏర్పాటు సాగినది.

ఇక్కడనే విచారింపవలసిన విషయము ఉన్నది. వ్యక్తి ఒక్కడే, వంశము ఒక్కటే. 1947లో పక్షమునకు చిక్కిన పీఠము, 1952లో పక్షములకు అతీతముగా నిలిచినది. ఈ మార్పు రాజరక్తము వలన వచ్చినది కాదు. మంత్రివర్గము శాసనసభకు బాధ్యత వహింపవలెననియు, రాజప్రముఖ్ మంత్రుల సలహాపై నడువవలెననియు విధించిన రాజ్యాంగపు కట్టుబాటు వలన వచ్చినది. కట్టుబాటే ఆ పని చేయగలిగినప్పుడు కిరీటముతో ప్రయోజనమేమి? 1956 నవంబరు 1న రాజప్రముఖ్ పదవియే రద్దయినది. నిజామునకు ఏటా 50 లక్షల రూపాయలుగా నిర్ణయమైన రాజభరణము ఆయన 1967లో మరణించువరకు మిగిలినది. సంస్థానాధీశులందరి రాజభరణములును 1971లో ఇరువదియారవ రాజ్యాంగ సవరణతో అంతరించినవి.

అయితే రాజు తొలగినంతనే సమస్య తీరిపోలేదు. 1956 నవంబరు 1ననే ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన నీలం సంజీవరెడ్డి ఆజన్మము పక్షరాజకీయములలో ఆరితేరిన నాయకుడు. ఆయన 1967లో లోకసభ స్పీకరుగా ఎన్నికైన వెంటనే కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా చేసినారు. స్పీకరు సభకంతటికిని చెందినవాడని ఆయన చూపిన దారి అది. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో, కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచినను, ఆ పక్షపు అంతఃకలహములోనే ఆయన వి.వి. గిరి చేతిలో ఓడిపోయినారు. 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతి అయినారు. 1979లో చరణ్‌సింగు సలహాపై, జగ్జీవన్‌రామునకు అవకాశమీయక లోకసభను రద్దు చేసినందుకు మాత్రము తీవ్రమైన విమర్శకు గురియైనారు. పక్షమును వదలినవానికి సైతము న్యాయాధిపతి స్థానము సుఖాసనము కాదు.

పక్షమును మనసులో వదలనివాడు ఆ స్థానమున కూర్చున్నచో ఏమగునో 1984 చూపినది. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్, ఎన్.టి. రామారావు మంత్రివర్గమును తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసినాడు. రామారావు తనను బలపరచు శాసనసభ్యులను వెంటబెట్టుకొని ఢిల్లీలో రాష్ట్రపతి ఎదుట నిలిచినారు. నిరసన దేశమంతట వ్యాపించినది. ఆ నెలలోనే గవర్నరు మారినాడు. సెప్టెంబరు 16న రామారావు మరల ముఖ్యమంత్రి అయినారు. మంత్రివర్గపు బలాబలములు రాజభవనములో గాక శాసనసభలోనే తేలవలెనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

రాజరికపు రాజు తప్పు చేసినచో ప్రజలు వేచియుండవలసినది ఆయన మరణము కొరకో, తిరుగుబాటు కొరకో. గణతంత్రమున ఒక గవర్నరు చేసిన తప్పు ఒక్క నెలలో సరిదిద్దబడినది. ప్రతిసారియు అంత త్వరగా సరిపడునని చెప్పరాదు. అయినను సరిదిద్దుటకు మార్గము ఉండుటయే ఈ పద్ధతి యొక్క గొప్పతనము.

పాఠశాలలో ఈ విషయముపైననే వాదోపవాదములు జరిగినప్పుడు అధ్యక్షస్థానమున ఒక ఉపాధ్యాయుడు కూర్చుండును. ఆయనకు స్వంత అభిప్రాయము లేకపోదు. ముందు వరుసలో ఆయనకు ప్రియశిష్యుడును ఉండవచ్చును. గంట మాత్రము ఇరుపక్షములకును ఒకే సమయమునకు మ్రోగించును. ఒకవేళ మ్రోగింపనినాడు, వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడు లేచి అడుగగలుగవలెను. పక్షాతీతమైన పీఠమునకు ఈ రెండును అవసరమే.