నాళంలో నాళం

సిద్దిపేట జిల్లా తొగుట చుట్టుపక్కల పల్లెల్లో మోకాలికి తీరిక దొరకదు. కలుపు తీయాలంటే గొంతుక్కూర్చోవాలి, అన్నం తినాలంటే బాసింపట్టు వేయాలి. మోకాలు మడిచినప్పుడల్లా దాని వెనక గుంటలో ఉన్న ధమని కూడా మడతపడుతుంది. పిక్కకూ పాదానికీ చేరే రక్తానికి అదే పెద్ద దారి.

ఆ ధమని మామూలుగా 7 నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గోడ బలహీనపడి ఒకటిన్నర రెట్లకు మించి ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటారు. పొట్టలోని బృహద్ధమని ఉబ్బితే పగులుతుందని భయం. మోకాలి వెనకది పగలడం అరుదు, దానితో వచ్చే ముప్పు వేరు. వాగు వెడల్పైన చోట నీటి వేగం తగ్గి ఒండ్రు పేరుకున్నట్టు, ఉబ్బిన చోట రక్తం మందగించి గడ్డకడుతుంది. ఆ గడ్డ ముక్కలై పాదం వైపు కొట్టుకుపోతుంది, లేదా ధమనినే పూడ్చేస్తుంది. కొన్ని గంటల్లో దారి తెరవకపోతే కాలు దక్కదు.

1785 డిసెంబరులో లండన్‌లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు ఒక బండివాడి కాలు కోసేయకుండా కాపాడాడు. తొడలోనే ధమనిని దారంతో బిగించి, ఉబ్బుకు వెళ్లే రక్తాన్ని ఆపాడు. పక్కనున్న చిన్న నాళాలు పెరిగి పాదానికి రక్తం అందించాయి. 1906లో మాడ్రిడ్‌లో హోసే గోయానెస్ ఇంకో అడుగు వేశాడు. ఉబ్బిన ధమని స్థానంలో దాని పక్కనున్న సిరనే రక్తానికి దారిగా చేశాడు. కాలి సిరతో బైపాస్ చేసే నేటి పద్ధతికి మూలం అదే.

సిర బదులు గుడ్డ గొట్టం పనికొస్తుందా? 1947లో అమెరికాలో ఆర్థర్ వూరీస్ ఒక కుక్క గుండెలో ఉండిపోయిన పట్టుదారం చుట్టూ నిగనిగలాడే పొర ఏర్పడటం చూశాడు. గుడ్డను శరీరం తనదిగా చేసుకోగలదని అతనికి తోచింది. 1952కల్లా వినియన్ అనే కృత్రిమ నారతో నేసిన గొట్టాలతో చేసిన ప్రయోగాలను అతని బృందం ప్రచురించింది. ఆ తర్వాత మైఖేల్ డిబేకీ ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద డాక్రాన్ గుడ్డతో గొట్టాలు కుట్టాడు. ప్రాణం నిలిపే ఈ సాధనానికి పునాది వేసింది నేత, కుట్టు. గొల్లభామ చీరలు నేసిన సిద్దిపేట సీమవాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా?

ఇక లోహం సంగతి. 1969లో చార్లెస్ డాటర్ కుక్కల మోకాలి వెనక ధమనుల్లోనే తీగచుట్టలు అమర్చి చూశాడు. స్టెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది 1990 దశకంలో అబ్దుల్ కలాం, హైదరాబాద్ హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తెచ్చిన చవకైన కలాం–రాజు స్టెంట్. పూడుకుపోయిన గుండె ధమనిని తెరిచి నిలిపేందుకు జల్లెడలాంటి గొట్టం చాలు. ఉబ్బిన నాళానికి మాత్రం కారని గోడ కావాలి. అందుకే లోహపు వలకు గుడ్డ తొడిగారు. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోని బృహద్ధమనిలో, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడీ పొట్టలోని బృహద్ధమనిలో ఇలాంటి గొట్టాలు అమర్చారు. 1994లో న్యూయార్క్‌లో మైఖేల్ మారిన్ బృందం మోకాలి వెనక ఉబ్బుకు ఈ పద్ధతినే వాడింది.

టైరు చీలిన చోట సైకిల్ షాపతను లోపలి వైపు పాత టైరు ముక్క పెట్టి ట్యూబును కాపాడతాడు కదా, ఇదీ అలాంటి ఉపాయమే. గొట్టాన్ని సన్నగా నొక్కి, తొడ మొదట్లోని ధమని గుండా ఎక్స్‌రే తెర మీద చూస్తూ లోపలికి పంపుతారు. ఉబ్బుకు పైనా కిందా ఆరోగ్యంగా ఉన్న గోడను పట్టుకునేలా విప్పుతారు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగకు తన ఆకారం గుర్తుంటుంది. ఒంటి వేడికి అది తనంతట తానే విచ్చుకుంటుంది. లోపలి పొర సాగదీసిన టెఫ్లాన్. రక్తం కొత్త గొట్టంలోనే పారుతుంది, బయటి ఉబ్బు పనిలేక ఉండిపోతుంది.

దీనికి గట్టి పరీక్ష మళ్లీ మోకాలే. మడత పడీ పడీ తీగ విరగవచ్చు, గొట్టం పూడవచ్చు. అయినా వయసు మళ్లినవాళ్లకు, పెద్ద కోత తట్టుకోలేనివాళ్లకు ఇది వరం. వయసులో ఉండి, కాలి సిర బాగుండి, రోజూ నేల మీద కూర్చుని పనిచేసే మనిషికి మాత్రం సిరతో చేసే బైపాసే ఎక్కువకాలం నిలుస్తుంది. గొట్టం వేయించుకున్నవాళ్లు మందులు మానకూడదు, స్కానింగ్ తప్పకూడదు.

ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి పైగా మగవాళ్లే. దాదాపు సగం మందికి రెండో కాలిలోనూ ఉంటుంది. చాలామందికి పొట్టలోని ధమని కూడా ఉబ్బి ఉంటుంది. అరవై దాటి, బీడీ, చుట్ట తాగే అలవాటున్న పెద్దలు మోకాలి వెనక గడ్డలా తగిలి, నాడిలా కొట్టుకుంటుంటే డాక్టరుకు చూపించాలి. అల్ట్రాసౌండ్‌తో తెలిసిపోతుంది. పాదం ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే కాపడం పెడుతూ కూర్చోకండి. ఆ గంటే హైదరాబాద్ నిమ్స్ లాగా రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉన్న పెద్దాసుపత్రికి బయలుదేరండి. ఎంత మంచి గొట్టమైనా, సమయానికి చేరిన కాలునే కాపాడగలదు.